ఇంటి మీడియా సర్వర్: బొమ్మకీ మాటకీ పొంతన కుదరకపోతే ఎక్కడ వెతకాలి

మీరు చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ముందు రాస్తాను. పాత డెస్క్‌టాప్‌లో జెల్లీఫిన్ పెట్టారు, అంటే ఇంట్లోని సినిమా ఫైళ్లని టీవీకి పంపే సర్వర్ ప్రోగ్రాం. హాల్లో స్మార్ట్ టీవీ, దానికి హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ నుంచి శబ్దాన్ని బయటికి పంపే హెచ్‌డీఎంఐ దారి) ద్వారా సౌండ్‌బార్. టీవీలోని జెల్లీఫిన్ యాప్‌లో ఏ సినిమా పెట్టినా మాట కాస్త వెనకబడుతోంది. బ్లూరే డిస్క్‌లోంచి వీడియో, మీ దగ్గరే ఉన్న పాత డీవీడీలోంచి తెలుగు ఆడియో తీసుకుని రెండూ కలిపి చేసుకున్న సినిమాలో మాత్రం మాట ముందుకు పోతోంది, చివరికి వచ్చేసరికి నిమిషాల తేడా. అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్ నుంచి తీయించిన ఫైలు కొన్నిచోట్ల బాగుంది, కొన్నిచోట్ల తప్పింది. సౌండ్‌బార్‌లో ఆలస్యం సెట్టింగ్ ఎంత జరిపినా ఒకటి కుదిరితే ఇంకోటి చెడుతోంది. రౌటర్ మార్చాలా, కంప్యూటర్ మార్చాలా అని అడిగారు.

రెండూ మార్చకండి. మీ ఇంట్లో ఉన్నవి మూడు వేర్వేరు సమస్యలు. మొదటిది హాల్లో ఉంది, రెండోది ఫైల్లో ఉంది, మూడోది క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించిన రోజే పుట్టింది. మూడింటికీ ఒకటే స్లైడర్ తిప్పుతున్నారు కాబట్టి ఎన్ని రోజులు తిప్పినా కుదరదు. ముందు దాన్ని సున్నాకి తెచ్చి వదిలేయండి. టీవీలో, యాప్‌లో, కంప్యూటర్‌లోని వీఎల్‌సీ ప్లేయర్‌లో ఎక్కడెక్కడ ఆలస్యం మార్చారో గుర్తు చేసుకుని అన్నిటినీ సున్నా చేయండి. పాత సర్దుబాట్లు మిగిలి ఉంటే ఇకమీదట చూసేవన్నీ తప్పుదారి పట్టిస్తాయి.

రౌటర్ సంగతి ఇప్పుడే తేల్చేస్తాను, ఎందుకంటే అందరూ మొదట అనుమానించేది, డబ్బు తగలేసేది దానిమీదే. వీడియో ఫైల్లో ప్రతి చిన్న ముక్క మీదా, అది బొమ్మదైనా శబ్దానిదైనా, ఎప్పుడు వినిపించాలో ఎప్పుడు చూపించాలో సమయం రాసి ఉంటుంది. ప్లేయర్ ఆ ముద్ర చూసి రెండింటినీ జత కలుపుతుంది. వైఫై నెమ్మదిస్తే ముక్కలు ఆలస్యంగా చేరతాయి, అప్పుడు రెండూ కలిసే ఆగిపోతాయి, తెర మీద చక్రం తిరుగుతుంది. చక్రం తిరగకుండా, ఆగకుండా సాఫీగా నడుస్తున్న సినిమాలో మాట తప్పిందంటే రౌటర్ పాపం దాదాపు ఎప్పుడూ ఉండదు.

అసలు చూడాల్సింది ఒక్కటే: తేడా ఎలా ప్రవర్తిస్తోంది? సినిమా మొదట్లో ఎంత ఉందో చివర్లోనూ అంతే ఉందా, పోను పోను పెరుగుతోందా, ఒకచోట బాగుండి ఇంకోచోట ఒక్కసారిగా గెంతుతోందా, లేక ముందుకో వెనక్కో జరిపినప్పుడు మాత్రమే పుట్టి, మళ్లీ మొదలుపెడితే పోతోందా? కదలకుండా ఉండే తేడా చాలావరకు గదిలోని పరికరాల వల్ల వస్తుంది. సమానంగా పెరిగేది ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకి ఎన్ని బొమ్మలన్న లెక్క, తప్పడం వల్ల. గెంతేది రెండు వేర్వేరు ప్రింట్లు కలపడం వల్లో, రికార్డింగ్‌లో ఫ్రేములు పోవడం వల్లో. జరిపినప్పుడు పుట్టేది సర్వర్ చేసే మార్పిడి వల్ల. ఏ మెనూలోకీ వెళ్లకముందే పది నిమిషాల్లో ఇది తెలిసిపోతుంది. సినిమాలో ఐదో నిమిషం దగ్గర, మధ్యలో, చివరి పది నిమిషాల్లో ఒక్కో చోట చూసి కాగితం మీద రాసుకోండి.

చూసేటప్పుడు పెదవుల్ని నమ్మకండి. మన సినిమాల్లో చాలావాటికి షూటింగ్ అయ్యాక స్టూడియోలో డబ్బింగ్ చెప్తారు. హీరోయిన్ గొంతు ఇంకొకరిది కావడం మామూలే. ఇక వేరే భాష నుంచి డబ్ అయిన సినిమా అయితే పెదవులు ఎలాగూ కలవవు. ఫైలు నిక్షేపంగా ఉన్నా తప్పిందనే అనిపిస్తుంది. గట్టిగా తగిలే చప్పుళ్లు చూడండి: తలుపు మూయడం, కొబ్బరికాయ కొట్టడం, చెంపదెబ్బ, బ్యాట్‌కి బంతి తగలడం. తగిలిన క్షణం బొమ్మలో కనిపిస్తుంది, చప్పుడు దాని మీదే పడాలి.

ఎంత తేడా వరకు ఫర్వాలేదు? అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998లో ప్రసారాల కోసం ఇచ్చిన సిఫారసులో ఉన్న అంకెలు ఇప్పటికీ పనికొస్తాయి. శబ్దం బొమ్మకంటే సుమారు 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనిషి పట్టేస్తాడు. అదే వెనకబడితే సుమారు 125 మిల్లీసెకన్ల దాకా పట్టుకోడు. మిల్లీసెకన్ అంటే సెకనులో వెయ్యో వంతు. ఈ రెండు అంకెలకీ మధ్య అంత తేడా ఎందుకో మన ఊళ్లలో పెరిగినవాళ్లకి వివరించక్కర్లేదు. చెరువుకి అవతల చాకిరేవులో బట్ట బండమీద పడటం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వినిపిస్తుంది. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లే వెళ్తుంది కాబట్టి వంద మీటర్ల దూరంలో దాదాపు 0.3 సెకన్ల ఆలస్యం. ఆలస్యంగా వచ్చే చప్పుడు మనకి పుట్టినప్పటి నుంచీ అలవాటు. దెబ్బ పడకముందే చప్పుడు రావడం మాత్రం లోకంలో ఎక్కడా జరగదు, అందుకే మెదడు వెంటనే పట్టేస్తుంది. మీ అమ్మానాన్నలు సినిమాలు బాగానే ఉన్నాయంటున్నారని, మీకు మాత్రమే తప్పుగా అనిపిస్తోందని రాశారు. ఇద్దరి మాటా నిజమే అయ్యుండొచ్చు. వంద దగ్గర తచ్చాడే ఆలస్యాన్ని ఒకరు పట్టుకుంటారు, ఇంకొకరు పట్టుకోరు.

ఇప్పుడు తప్పు ఎక్కడుందో తేల్చే పద్ధతి. ఏదైనా ఒక్క ఫైలు తీసుకోండి, కలిపి చేసుకున్న సినిమా కాకుండా. దాన్ని ముందు కంప్యూటర్ మీదే వీఎల్‌సీలో, వైరున్న ఇయర్‌ఫోన్స్‌తో చూడండి. ఇక్కడ సరిగ్గా ఉంటే ఫైలు మంచిది. తర్వాత అదే ఫైల్ని పెన్‌డ్రైవ్‌లో వేసి నేరుగా టీవీకి పెట్టండి. ఫైలు 4 జీబీ దాటితే ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసుకోవాలి. సౌండ్‌బార్ ఆపేసి టీవీ స్పీకర్లతో ఒకసారి, సౌండ్‌బార్‌తో ఒకసారి చూడండి. చివరగా జెల్లీఫిన్ యాప్‌లో ఇలాగే రెండుసార్లు. ఈ ఐదు ప్రయత్నాల్లో ఏ మెట్టు దగ్గర తేడా మొదలైందో ఆ మెట్టే దోషి. నేను ఇంతవరకు బంధువుల ఇళ్లలో, స్నేహితుల ఇళ్లలో సరిచేసినవాటిలో సగానికి పైగా ఇక్కడే తేలిపోయాయి. వాటిలో ఎక్కువ సౌండ్‌బార్ మెట్టు దగ్గరే.

మీ మొదటి సమస్య కూడా అదే అనుకుంటున్నాను. ఏ సినిమాకైనా ఒకేలా, కొద్దిగా, ఎప్పుడూ వెనకబడటం అంటే గది సమస్య. కారణం ఇది. టీవీ బొమ్మను రాగానే చూపించదు. కదలికలు నున్నగా కనిపించేలా మధ్యలో కొత్త ఫ్రేములు అల్లుతుంది, రంగులు సరిచేస్తుంది. దీనికి కొంత సమయం పడుతుంది. తన స్పీకర్లలో వాయించేటప్పుడు శబ్దాన్ని కూడా సరిగ్గా అంతే ఆపి వదులుతుంది కాబట్టి రెండూ కలుస్తాయి. సౌండ్‌బార్ తగిలిస్తే శబ్దం ఇంకో ఇల్లు తిరిగి రావాలి. డాల్బీ డిజిటల్ పద్ధతిలో శబ్దాన్ని పొట్లాలుగా కట్టి పంపుతారు. ఒక్కో పొట్లంలో 1536 శాంపిళ్లు (శబ్దపు కొలతలు) ఉంటాయి, సెకనుకి 48 వేల శాంపిళ్ల లెక్కన అది 32 మిల్లీసెకన్లు. పొట్లం పూర్తిగా చేతికొచ్చాకే సౌండ్‌బార్ విప్పగలదు. ఫైల్లో ఉన్నది ఏఏసీ అనే వేరే పద్ధతి ఆడియో అయి, టీవీ దాన్ని విప్పి మళ్లీ డాల్బీగా కట్టి పంపిస్తే ఇంకో పొట్లం ఆలస్యం. దానిపైన సౌండ్‌బార్ తన సరౌండ్ మాయ చేసుకోవడానికి ఇంకొంత.

ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మెనూల్లో దారి తప్పరు. సౌండ్‌బార్ శబ్దాన్ని ఆపగలదు, ముందుకు తేలేదు. రాని శబ్దాన్ని ఎవరూ ముందు వాయించలేరు. మీ మాట వెనకబడుతోంది కాబట్టి ఆలస్యం స్లైడర్‌ని ఎంత పెంచినా ఇంకా వెనక్కే పోతుంది. మీరు చేయాల్సింది శబ్దం వెళ్లే దారిలో పనులు తగ్గించడం. టీవీ సౌండ్ మెనూలో డిజిటల్ అవుట్‌పుట్‌ని ఆటో లేదా బిట్‌స్ట్రీమ్ నుంచి పీసీఎంకి, అంటే పొట్లం కట్టని శబ్దానికి, మార్చండి. మామూలు ఏఆర్‌సీలో పీసీఎం అంటే రెండు ఛానెళ్ల స్టీరియోనే, సరౌండ్ పోతుంది. కానీ పొట్లం కట్టడం, విప్పడం పోతాయి. తెలుగు సినిమా చూస్తూ మాటలు స్పష్టంగా వినాలనుకునే పెద్దవాళ్లకి ఇది నష్టం కాదని నా అభిప్రాయం. సరౌండ్ కావాలంటే పాస్‌త్రూ ఉందేమో చూడండి, అందులో టీవీ ఆడియోని ముట్టుకోకుండా పంపుతుంది, కనీసం మళ్లీ కట్టే పని తప్పుతుంది. టీవీలోనే డిజిటల్ శబ్దానికి వేరే ఆలస్యం సెట్టింగ్ ఉంటుంది. శాంసంగ్‌లో ఎక్స్‌పర్ట్ సెట్టింగ్స్‌లో, ఎల్‌జీలో ఏవీ సింక్ పేరుతో. అది కూడా సున్నాలో ఉండాలి. సౌండ్‌బార్‌లో సినిమా మోడ్, వర్చువల్ సరౌండ్ లాంటివి తీసి స్టాండర్డ్‌లో పెట్టండి.

గేమ్ మోడ్ పెట్టమని మీకు ఎవరో సలహా ఇచ్చారని రాశారు. మీ విషయంలో అది పనిచేయదు, ఇంకా చెడగొడుతుంది. గేమ్ మోడ్ బొమ్మమీద పనులు తగ్గించి బొమ్మని ముందుకు తెస్తుంది. మాట వెనకబడినవాళ్లకి బొమ్మ ఇంకా ముందుకు పోతే తేడా పెరుగుతుంది. అది పనికొచ్చేది దీనికి తిరగేసిన ఇంటికి: ఆండ్రాయిడ్ టీవీ బాక్స్‌ని ముందు సౌండ్‌బార్‌కి తగిలించి, అక్కడి నుంచి టీవీకి పంపినప్పుడు. అక్కడ శబ్దం సౌండ్‌బార్‌లో వెంటనే మోగుతుంది, బొమ్మ టీవీలో ఆలోచించుకుని వస్తుంది, మాట ముందొస్తుంది. ఆ ఇంట్లో గేమ్ మోడ్ పనిచేస్తుంది, ఆలస్యం స్లైడర్ కూడా పనిచేస్తుంది. సలహా తప్పు కాదు, వేరే ఇంటిది.

హెచ్‌డీఎంఐలో ఈ ఆలస్యాన్ని పరికరాలే ఒకదానికొకటి చెప్పుకునే ఏర్పాటు 2006లో వచ్చిన 1.3 వెర్షన్ నుంచీ ఉంది. కానీ అది ఐచ్ఛికం కాబట్టి చాలా పరికరాల్లో పని చేయదు. హెచ్‌డీఎంఐ 2.1తో, ఏఆర్‌సీకి కొత్త రూపంగా వచ్చిన ఈఏఆర్‌సీలో దాన్ని తప్పనిసరి చేశారు. మీ టీవీ, సౌండ్‌బార్ రెండింటికీ ఈఏఆర్‌సీ ఉండి, మెనూలో ఆఫ్‌లో ఉంటే ఆన్ చేయండి. ఒకదానికే ఉంటే లాభం లేదు.

బ్లూటూత్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే రాత్రిళ్లు నాన్నగారు హెడ్‌ఫోన్ పెట్టుకుని చూస్తారని రాశారు. శబ్దాన్ని కుదించే మామూలు ఎస్‌బీసీ పద్ధతితో బ్లూటూత్‌లో 150 నుంచి 250 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం మామూలే. ఫోన్లో ఇది తెలియదు, ఎందుకంటే ఫోన్‌లోని వీడియో యాప్‌లు హెడ్‌ఫోన్ ఎంత ఆలస్యం చేస్తుందో అడిగి బొమ్మని అంత ఆపుతాయి. చాలా టీవీలు ఆ మర్యాద పాటించవు. వైరున్న హెడ్‌ఫోన్ కానీ, టీవీకి తగిలించే సొంత ట్రాన్స్‌మిటర్‌తో వచ్చే రేడియో హెడ్‌ఫోన్ కానీ కొనివ్వండి. పెద్దవాళ్లకి మెనూలోకి వెళ్లి సరిచేసుకోవడం టెన్షన్, అది వాళ్లమీద పెట్టకూడదు.

ఇంకో చిన్న మెలిక. పాత సీరియళ్లు బాగుండి సినిమాలు మాత్రమే తప్పుతున్నాయంటే తెర రిఫ్రెష్ రేటు, అంటే తెర సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో, చూడండి. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, మన టీవీ ప్రసారాల నుంచి వచ్చినవి 25. కొన్ని టీవీలు 24 దగ్గర బొమ్మమీద వేరే పద్ధతిలో పనిచేస్తాయి, ఆలస్యం మారిపోతుంది. కోడి (Kodi) అనే మీడియా ప్లేయర్ వాడేవాళ్లకి ఒక్కో రిఫ్రెష్ రేటుకి విడిగా ఆలస్యం రాసుకునే వీలుంది. మిగతావాళ్లు యాప్‌లో ఫ్రేమ్ రేటుని అనుసరించి మారే సెట్టింగ్‌ని ఆపి చూడటమే.

సర్వర్ వంతు మీ విషయంలో చిన్నదే అనుకుంటున్నా, అయినా చూసి తీరాలి. సినిమా నడుస్తున్నప్పుడు కంప్యూటర్‌లో జెల్లీఫిన్ డాష్‌బోర్డ్ తెరవండి. టీవీ పేరు కనిపిస్తుంది, ఫైల్ని యథాతథంగా పంపుతోందా, మారుస్తోందా, ఎందుకు మారుస్తోంది అన్నది కూడా. యథాతథంగా అయితే సర్వర్‌కి ఏ సంబంధమూ లేదు. ఆడియోని మాత్రం మారుస్తోందంటే చాలాసార్లు కారణం డీటీఎస్ అనే ఆడియో పద్ధతి. శాంసంగ్ 2018 నుంచి తన టీవీల్లో డీటీఎస్‌ని తీసేసింది. బ్లూరే నుంచి తీసినవాటిలో డీటీఎస్ ఎక్కువ. అప్పుడు సర్వర్ వీడియోని అలాగే ఉంచి ఆడియోని ఏఏసీగా మార్చి పంపుతుంది. చిక్కు ఎక్కడంటే, మీరు సినిమాని మధ్యలోకి జరిపినప్పుడు. ముట్టుకోని వీడియో పూర్తి బొమ్మ ఉన్న కీఫ్రేమ్ దగ్గరే మొదలవ్వగలదు, అది మీరు అడిగిన చోటుకి రెండు మూడు సెకన్లు ముందుండొచ్చు. కొత్తగా తయారయ్యే ఆడియో సరిగ్గా అడిగిన చోటే మొదలవ్వగలదు. ఈ రెండింటినీ జోడించే లెక్క ఎక్కడైనా తప్పితే మీరు మళ్లీ జరిపేదాకా తేడా అలాగే ఉంటుంది. మొదటి నుంచి చూస్తే బాగుండి, జరిపితే తప్పుతోందంటే ఇదే. శాశ్వతమైన మందు, డీటీఎస్ పక్కనే డాల్బీ డిజిటల్‌లో ఇంకో ట్రాక్ ఒకసారి తయారుచేసి ఫైల్లో పెట్టేయడం. ఆ తర్వాత సర్వర్‌కి మార్చాల్సిన పనే ఉండదు.

వీడియోని కూడా మారుస్తోందంటే సబ్‌టైటిల్స్ ఆపి చూడండి. బ్లూరే సబ్‌టైటిల్స్ అక్షరాలుగా కాక బొమ్మలుగా ఉంటాయి, చాలా టీవీ యాప్‌ల కోసం సర్వర్ వాటిని వీడియోలోనే ముద్రించాలి. పాత ప్రాసెసర్‌కి అది మోయలేని బరువు. 10 బిట్ హెచ్‌ఈవీసీ (వీడియోని బాగా కుదించే పద్ధతి) ఫైళ్లని హార్డ్‌వేర్‌తో మార్చాలంటే ఇంటెల్‌లో ఏడో తరం ప్రాసెసరైనా ఉండాలి. సబ్‌టైటిల్స్ ఆపితే బాగుపడిందంటే వాటిని అక్షరాల ఫైలుగా, ఎస్ఆర్‌టీగా పెట్టుకోండి.

ఇక కలిపి చేసుకున్న సినిమా. ఇది నాకు చాలా ఇష్టమైన లెక్క, ఎందుకంటే ఒకసారి అర్థమైతే ఏ సినిమాకైనా మీరే చేసుకోగలరు. మన దేశంలో పాత టీవీ ప్రసారాలది పాల్ అనే పద్ధతి, సెకనుకి 25 ఫ్రేములు. 24 ఫ్రేముల సినిమాని పాల్ డీవీడీ చేసేటప్పుడు ఉన్న ఫ్రేముల్నే కొంచెం వేగంగా నడిపేవాళ్లు. 150 నిమిషాల సినిమా 144 నిమిషాల్లో అయిపోతుంది. ఆడియో కూడా అంతే వేగంగా నడుస్తుంది. బ్లూరేలో సినిమా అసలు వేగంతో ఉంటుంది. ఆ డీవీడీ ఆడియోని దీని పక్కన పెడితే గంటకి 2 నిమిషాల 24 సెకన్లు ముందుకు పోతుంది. మీరు చెప్పిన నిమిషాల తేడా ఇదే. తేడా గంటకి 3.6 సెకన్లే అయితే అది ఇంకో జంట, 24కీ 23.976కీ మధ్య. మన సినిమాల డీవీడీలు కొన్ని పాల్‌లో, కొన్ని అమెరికా పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీలో వచ్చాయి, కాబట్టి ఊహించకండి, కొలవండి.

కొలవడానికి మొత్తం నిడివులు పోల్చకండి, ముందు లోగోలూ టైటిల్ కార్డులూ వేరుగా ఉంటాయి. మొదట్లో ఒక చప్పుడు, చివర్లో ఒక చప్పుడు ఎంచుకోండి. ఉదాహరణకి బ్లూరే బొమ్మలో మొదటి తలుపు దెబ్బ సరిగ్గా 5 నిమిషాల దగ్గర, చివరి తుపాకీ దెబ్బ 2 గంటల 20 నిమిషాల దగ్గర ఉన్నాయనుకోండి. మధ్య 135 నిమిషాలు. డీవీడీ ఆడియోలో అవే 4 నిమిషాల 40 సెకన్ల దగ్గర, 2 గంటల 14 నిమిషాల 16 సెకన్ల దగ్గర వినిపిస్తే మధ్య 129.6 నిమిషాలు. 129.6ని 135తో భాగిస్తే 0.96. అంటే 24ని 25తో భాగించినంత, అనుమానం తీరిపోయింది. 0.959 వస్తే బ్లూరే 23.976లో ఉందన్నమాట.

శబ్దాన్ని ఎడిట్ చేసే ఆడాసిటీ ప్రోగ్రాంలో డీవీడీ ఆడియోని తెరవండి, డాల్బీ ఫైలు తెరవాలంటే దానికి ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ లైబ్రరీ జోడించాలి. వేగం మార్చే ఎఫెక్ట్‌లో 0.96 ఇవ్వండి. టెంపో మార్చే ఎఫెక్ట్ ఇంకోటి ఉంటుంది, అది వద్దు. డీవీడీ కోసం వేగం పెంచినప్పుడు శ్రుతి కూడా పెరిగింది, ఒక అరస్వరంలో సుమారు 70 శాతం. పాత పాటలు చెవికి అలవాటైనవాళ్లు డీవీడీలో గొంతు సన్నగా ఉందని అంటుంటారు, ఆ మాట నిజమే. వేగాన్ని వెనక్కి తెస్తే గొంతు కూడా తన స్థాయికి వస్తుంది. టెంపో మారిస్తే నిడివి సరిపోతుంది కానీ గొంతు అలా సన్నగానే ఉండిపోతుంది. డీవీడీ తయారుచేసినవాళ్లే శ్రుతి సరిచేసి ఉంటే మాత్రం టెంపోనే మార్చాలి, బ్లూరేలోని ఏదైనా భాష ట్రాక్‌లో అదే నేపథ్య సంగీతం విని పోల్చుకోండి.

సాగదీశాక మొదటి తలుపు దెబ్బ 280 సెకన్లని 0.96తో భాగిస్తే వచ్చే 291.667 సెకన్ల దగ్గరికి వస్తుంది. బొమ్మలో అది 300 దగ్గర ఉంది. మిగిలిన 8333 మిల్లీసెకన్లు వీడియోనీ ఆడియోనీ ఒకే ఫైలుగా కలిపే ఎంకేవీటూల్‌నిక్స్‌ ప్రోగ్రాంలో ఆ ఆడియో ట్రాక్‌కి ఆలస్యంగా ఇచ్చి కలపండి. అదే ప్రోగ్రాంలో సాగదీసే గడి కూడా ఉంటుంది, ఆడియోకి దాన్ని వాడకండి. అది సమయ ముద్రల్ని మారుస్తుందే తప్ప శబ్దాన్ని మార్చదు, సబ్‌టైటిల్స్‌కి పనికొస్తుంది, ఆడియోకి సరిగ్గా కుదరదు.

ఇంత చేశాక మొదటి సగం అతికినట్టు కుదిరి, విశ్రాంతి తర్వాత ఒక్కసారిగా తప్పితే కంగారు పడకండి. రెండు ప్రింట్లలో విశ్రాంతి కార్డు నిడివి వేరు కావచ్చు. 2012 అక్టోబరు 2 నుంచి పొగాకు వాడకం చూపించే మన సినిమాల్లో మొదట్లోనూ మధ్యలోనూ పొగాకు హెచ్చరికలు పెట్టాలన్న నిబంధన కూడా అమల్లోకి వచ్చింది. ఒక ప్రింట్‌లో అవి ఉండి, ఇంకోదాంట్లో లేకపోతే సరిగ్గా విశ్రాంతి దగ్గరే గెంతు వస్తుంది. ఆ తేడాని కొలిచి, ఆడాసిటీలో విశ్రాంతి దగ్గర అంత నిశ్శబ్దం చేర్చండి లేదా అంత కత్తిరించండి. ఇంకెక్కడైనా గెంతితే అక్కడ ఒక సీను కోసేసి ఉంటారు, అక్కడా ఇదే పని. నాలుగైదు చోట్లకి మించి ఉంటే ఆ రెండు ప్రింట్లని కలపడం మానేయడం మంచిది.

పెళ్లి క్యాసెట్ గురించి చివరికి ఆపాను, ఎందుకంటే సినిమా ఇంకోసారి దొరుకుతుంది, ఇది దొరకదు. వీహెచ్‌ఎస్ టేపు నలిగినచోట సిగ్నల్ తెగుతుంది. అప్పుడు క్యాప్చర్ చేసే (టేపుని కంప్యూటర్‌లోకి ఎక్కించే) పరికరం కొన్ని ఫ్రేముల్ని వదిలేస్తుంది, శబ్దం మాత్రం ఆగకుండా రికార్డవుతుంది. అలా ఫ్రేములు పోయిన ప్రతిచోటా బొమ్మ కొంచెం ముందుకు దూకుతుంది. ఫైలు ఏవీఐ అయితే ఇంకా కష్టం, ఆ పాత పద్ధతిలో ఒక్కో ఫ్రేముకీ విడిగా సమయం రాసి ఉండదు, ఎన్నో ఫ్రేము అన్న లెక్కమీదే నడుస్తుంది. ఫ్రేము పోతే లెక్క పోయినట్టే.

ఆ రోజుల్లో పెళ్లి వీడియో ఎడిట్ చేసేవాళ్లు ఊరేగింపు మీదా భోజనాల మీదా సినిమా పాటలు వేసేవాళ్లు. ఆ భాగాల్లో తేడా ఉన్నా తెలియదు, అక్కడ కొలవకండి. అసలు శబ్దం ఉన్నచోట్లు వెతకండి: పురోహితుడు మంత్రం చెప్తున్నప్పుడు, మాంగల్యధారణ దగ్గర గట్టిమేళం మోగుతున్నప్పుడు. డోలు మీద పుల్ల పడటం కనిపిస్తే అంతకంటే మంచి కొలబద్ద లేదు. ఐదారు చోట్ల తేడా రాసుకోండి. అన్నిచోట్లా సమానంగా పెరుగుతూ, మొత్తంమీద సెకను లోపు ఉంటే అది ఫ్రేములు పోవడం కాదు, క్యాప్చర్ పరికరంలో శబ్దం గడియారం కొంచెం తప్పుగా నడవడం. పదివేలకి ఒక వంతు తప్పినా రెండు గంటల్లో 0.72 సెకన్లు అవుతుంది. దానికి ఆడాసిటీలో సినిమాకి చేసినట్టే, చాలా చిన్న అంకెతో సాగదీస్తే సరిపోతుంది.

గెంతుతుంటే ముక్కలుగా సరిచేయాలి. పాట అయిపోయి అసలు శబ్దం మొదలయ్యే చోట కత్తిరించి, ఒక్కో ముక్కనీ దాని దెబ్బకి తగ్గట్టు జరపండి. పాటకీ మంత్రానికీ మధ్య చిన్న నిశ్శబ్దం పడినా ఎవరికీ వినిపించదు. పని చేసేముందు ఇప్పుడున్న ఫైలుకి కాపీ తీసి ఇంకో డిస్క్‌లో పెట్టండి.

ఇవన్నీ చేసేకన్నా మంచి దారి, క్యాసెట్ ఇంకా ఇంట్లో ఉంటే మళ్లీ ఎక్కించడం. ఈసారి టైమ్ బేస్ కరెక్టర్ ఉన్నచోట చేయించండి, టేపు తడబడిన చోట అది సిగ్నల్‌ని నిలబెట్టి ఫ్రేములు పోకుండా కాపాడుతుంది. ఇచ్చేముందు టేపు మీద తెల్లగా బూజు ఉందేమో క్యాసెట్ మీదున్న చిన్న కిటికీలోంచి చూడండి, ఉంటే శుభ్రం చేయకుండా వీసీఆర్‌లో పెట్టొద్దని చెప్పండి, లేకపోతే టేపూ పోతుంది, వీసీఆర్ హెడ్డూ పాడవుతుంది. క్యాసెట్ దొరికిందో లేదో, ఇప్పుడున్న ఫైలు ఏవీఐయో ఎంపీ4ఓ, డోలు దగ్గర రాసుకున్న ఆరు అంకెలు ఎంతో నాకు రాయండి. ఎక్కడ కత్తిరించాలో కలిసి చూద్దాం.